4294967297: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇది ఏ సంఖ్య? దీనికి ఇంత పేరెందుకు?

ఇది 2³² + 1. నాలుగు వందల ఇరవై తొమ్మిది కోట్ల నలభై తొమ్మిది లక్షల అరవై ఏడు వేల రెండు వందల తొంభై ఏడు అని చదవాలి. 2కి 1, 2, 4, 8, 16, 32 ఘాతాలు తీసుకుని ఒక్కోదానికీ ఒకటి కలిపితే 3, 5, 17, 257, 65537, 4294967297 వస్తాయి. వీటిని 17వ శతాబ్దపు ఫ్రెంచ్ గణితవేత్త ఫెర్మా పేరిట ఫెర్మా సంఖ్యలు అంటారు. లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి మన సంఖ్య ఐదో ఫెర్మా సంఖ్య. దీనికి ముందున్న ఐదూ ప్రధాన సంఖ్యలు, ఇది మాత్రం కాదు. ఆ సంగతి తేలడానికి తొంభై ఏళ్లు దాటింది. పైగా ప్రధాన సంఖ్య అవునో కాదో చూడటానికి 2 ఆధారంగా పెట్టే పరీక్షలన్నిటినీ ఇది ఇవాళ్టికీ ప్రధాన సంఖ్యలాగే దాటేస్తుంది. కింది ప్రశ్నల్లో సగం ఆ ఇబ్బంది చుట్టూ తిరిగేవే.

దీని కారణాంకాలు ఏమిటి?

641 × 6700417. చేత్తో సరిచూడాలంటే 6700417ను 600తో గుణిస్తే 4020250200, 40తో 268016680, 1తో 6700417. మూడూ కూడితే 4294967297. పది అంకెలు చూపే మామూలు క్యాలిక్యులేటర్ కూడా సరిపోతుంది.

రెండూ ప్రధాన సంఖ్యలే కాబట్టి భాజకాలు నాలుగే: 1, 641, 6700417, 4294967297. వాటి మొత్తం 4301668356. తనను మినహాయిస్తే మిగతా భాజకాల మొత్తం 6701059 మాత్రమే, అంటే ఇది బాగా న్యూన సంఖ్య. దీనికన్నా చిన్నవై దీనితో ఉమ్మడి కారణాంకం లేని ధన పూర్ణాంకాలు ఎన్ని అన్నదానికి జవాబు 640 × 6700416 = 4288266240.

6700417 ప్రధాన సంఖ్యేనని ఎలా తెలుస్తుంది? దాని వర్గమూలం 2588 కదా, అన్ని ప్రధాన సంఖ్యలతోనూ భాగించాలా?

అక్కర్లేదు. నాలుగు భాగహారాలు చాలు. 4294967297ని భాగించే ఏ ప్రధాన సంఖ్యయినా 128 గుణిజానికి ఒకటి కలిపిన రూపంలోనే ఉంటుంది (కారణం రెండు ప్రశ్నల తర్వాత ఉంది). 6700417కు చిన్న కారణాంకం ఉంటే అది మన సంఖ్యకూ కారణాంకమే కాబట్టి ఆ నియమం దానికీ వర్తిస్తుంది. 2588 లోపు అలాంటి ప్రధాన సంఖ్యలు 257, 641, 769, 1153, 1409 మాత్రమే. 257 కూడా ఫెర్మా సంఖ్యే. రెండు వేర్వేరు ఫెర్మా సంఖ్యలకు ఉమ్మడి కారణాంకం ఉండదు కాబట్టి దాన్ని వదిలేయవచ్చు. మిగతా నాలుగింటితో 6700417ను భాగిస్తే శేషాలు వరసగా 44, 120, 334, 622. ఏదీ సున్నా కాదు, కాబట్టి అది ప్రధాన సంఖ్యే.

ఫెర్మా సంఖ్యలకు ఉమ్మడి కారణాంకం ఎందుకు ఉండదంటే, 3 × 5 × 17 × 257 × 65537 = 4294967295. మన సంఖ్య సరిగ్గా దీనికన్నా 2 ఎక్కువ. ఉమ్మడి భాజకం ఏదైనా ఉంటే అది 2ను భాగించాలి, కానీ ఇవన్నీ బేసి సంఖ్యలు. వరుసలో ఎంత ముందుకు వెళ్లినా ఇదే వాదన నిలుస్తుంది.

ఫెర్మా ఎక్కడ పొరబడ్డాడు?

ఈ వరుసలో వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలేనని 1640లో ఉత్తరాల్లో రాశాడు. నిరూపణ తన దగ్గర లేదని చెబుతూనే గట్టి నమ్మకం కనబరిచాడు. విచిత్రం ఏమిటంటే, పొరపాటు పట్టుకునే పరికరం ఆయన చేతిలోనే ఉంది. అదే ఏడాది 2³⁷ − 1కి 223 భాజకమని ఆయన కనిపెట్టింది ఇలాంటి పద్ధతితోనే: భాజకం ఏ రూపంలో ఉండాలో ముందు తేల్చుకోవడం, ఆ రూపంలో ఉన్నవాటితోనే భాగించి చూడటం. అదే పని ఇక్కడ చేసి ఉంటే ఐదో ప్రయత్నంలో 641 తగిలేది. బహుశా చేసి, ఎక్కడో కూడికలో తప్పాడనిపిస్తుంది. అంతకు మించి చెప్పడానికి ఆధారం లేదు.

ఇవన్నీ ప్రధాన సంఖ్యలేనన్న ఫెర్మా మాట నిజమేనా అని 1729 డిసెంబరులో గణితవేత్త గోల్డ్‌బాక్ ఆయిలర్‌ను ఉత్తరంలో అడిగాడు. 641 భాజకమని ఆయిలర్ 1732లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ప్రకటించాడు.

641 ఎలా దొరుకుతుంది? ఆ 64, 128 నియమం ఏమిటి?

ఒక ప్రధాన సంఖ్య 2³² + 1ని భాగిస్తుందనుకుందాం. దానితో భాగించినప్పుడు 2³²కు శేషం −1. వర్గం చేస్తే 2⁶⁴కు శేషం 1. అంటే 2 ఘాతాల శేషాలు 64 అడుగులకు ఒకసారి తిరిగి మొదటికొస్తాయి. అంతకన్నా ముందు రావు. ఎందుకంటే 64ను భాగించే చిన్న చక్రం ఏదైనా 32నూ భాగిస్తుంది, అప్పుడు 2³²కు శేషం 1 కావాలి గానీ −1 కాదు. ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం చక్రం పొడవు ప్రధాన సంఖ్యకు ఒకటి తక్కువైన దాన్ని భాగించాలి. కాబట్టి భాజకం 64 గుణిజానికి ఒకటి ఎక్కువ.

64తో మొదలయ్యే జాబితా 65, 129, 193, 257, 321, 385, 449, 513, 577, 641. ఇందులో ప్రధాన సంఖ్యలు ఐదే. 4294967297ని వాటితో భాగిస్తే:

193తో శేషం 109
257తో శేషం 2
449తో శేషం 325
577తో శేషం 288
641తో శేషం 0

పెద్ద భాగహారం చేయనవసరం లేదు. 2⁸ = 256తో మొదలుపెట్టి, వర్గం చేసి శేషం తీసుకోవడం రెండుసార్లు చేస్తే 2³² వచ్చేస్తుంది. ఉదాహరణకు 641తో: 256 వర్గం 65536, శేషం 154. 154 వర్గం 23716, శేషం 640. ఒకటి కలిపితే 641, అంటే సున్నా.

ఆయిలర్ 1732లో 641 పేరు చెప్పి ఊరుకున్నాడు. భాజకాల రూపానికి నిరూపణ తర్వాతి రచనల్లో ఇచ్చాడు. 64 బదులు 128 వాడవచ్చని లూకా 1878లో చూపాడు. భాజకం 8 గుణిజానికి ఒకటి ఎక్కువ కాబట్టి 2 అక్కడ ఏదో ఒక సంఖ్య వర్గానికి శేషంగా వస్తుంది. ఆ సంఖ్య ఘాతాల చక్రం 128 పొడవుంటుంది. ఈ నియమంతో వెతికితే ప్రధాన సంఖ్యల్లో 257 తర్వాత రెండోదే 641.

భాగహారం చేయకుండా 641 భాజకమని చూపే పొట్టి నిరూపణ ఉందటగా?

ఉంది. 641ని రెండు రకాలుగా రాయవచ్చు: 5 × 2⁷ + 1, ఇంకా 5⁴ + 2⁴.

మొదటిదాని ప్రకారం 641తో భాగిస్తే 5 × 2⁷కు శేషం −1. నాలుగో ఘాతం తీస్తే 5⁴ × 2²⁸కు శేషం 1. రెండోదాని ప్రకారం 5⁴, −2⁴ రెండింటికీ ఒకే శేషం. దాన్ని పై లెక్కలో పెడితే −2³²కు శేషం 1. అంటే 2³² + 1 నిశ్శేషంగా భాగమవుతుంది. అయితే ఇది 641 అని ముందే తెలిసినవాడు రాసుకునే నిరూపణ. వెతకడానికి పనికిరాదు, సరిచూడటానికి మాత్రం ఇంతకన్నా అందమైన దారి లేదు.

నా ప్రోగ్రామ్ 4294967297ని ప్రధాన సంఖ్య అంటోంది. లోపం ఎక్కడ?

మీ పరీక్ష ఆధారం 2 అయితే లోపం కోడ్‌లో కాదు, ఆధారం ఎంపికలో ఉంది. మన సంఖ్యకు ఒకటి తక్కువైనది 2³². అది 64 గుణిజం. 2 ఘాతాల చక్రం పొడవు కూడా 64. కాబట్టి 2ను 2³² ఘాతానికి ఎత్తితే శేషం ఖాయంగా 1. ఫెర్మా పరీక్ష (ఆధారాన్ని సంఖ్యకు ఒకటి తక్కువైన ఘాతానికి ఎత్తితే శేషం 1 రావాలనేది) నెగ్గినట్టే.

కాస్త గట్టిదైన మిల్లర్–రాబిన్ పరీక్షను కూడా 2తో ఇది దాటేస్తుంది. 2, 4, 16, 256, 65536 తర్వాత వచ్చే 2³²కు శేషం −1 కదా, పరీక్ష అక్కడే సంతృప్తి పడి ఆగిపోతుంది. ఆధారంగా 4, 8, 16 లాంటి 2 ఘాతాలు ఇచ్చినా ఇదే కథ. ఫెర్మా సంఖ్యలన్నీ ఇంతే కాబట్టి వీటి మీద 2తో పరీక్ష పెట్టడం వృథా.

పరిష్కారం సులువు. 4759123141 లోపు సంఖ్యలకు మిల్లర్–రాబిన్‌ను 2, 7, 61 ఆధారాలతో నడిపితే జవాబులో సందేహం ఉండదు. మన సంఖ్య ఆ హద్దు లోపలే ఉంది. లేదా వరుస భాగహారమే చేయండి. ప్రధాన సంఖ్యలతో వరసగా భాగిస్తే 641 వచ్చేది 116వ ప్రయత్నంలో, కంప్యూటర్‌కు అది క్షణంలో పని.

పెపాన్ పరీక్ష ఎలా చేస్తారు?

ఫెర్మా సంఖ్యల కోసమే పెపాన్ 1877లో ఇచ్చిన పరీక్ష ఇది. 3తో మొదలుపెట్టి వర్గం చేయడం, మన సంఖ్యతో భాగించి శేషం తీసుకోవడం. ఇలా 31 సార్లు. చివరి శేషం −1 (అంటే 4294967296) అయితే ప్రధాన సంఖ్య, ఇంకేం వచ్చినా కాదు. సందేహానికి తావులేని జవాబు, అదే దీని బలం.

మొదటి నాలుగు వర్గాలు 9, 81, 6561, 43046721. ఐదో వర్గం 1853020188851841. దీన్ని కుదించడానికి చిట్కా ఉంది: 2³²కు శేషం −1 కాబట్టి, సంఖ్యను 2³²తో భాగించి శేషంలోంచి భాగఫలాన్ని తీసేస్తే చాలు. ఇక్కడ భాగఫలం 431439, శేషం 3793632897. తేడా 3793201458. తేడా రుణాత్మకమైతే 4294967297 కలపండి.

31 వర్గాల తర్వాత రావలసినది 10324303. అది −1 కాదు, కాబట్టి సంయుక్త సంఖ్య. ఇంకొక్కసారి వర్గం చేస్తే 3029026160 వస్తుంది. అది 1 కాదు కాబట్టి 3 ఆధారంగా మామూలు ఫెర్మా పరీక్ష కూడా దీన్ని పట్టేస్తుందన్నమాట. మీ ప్రోగ్రామ్‌ను సరిచూసుకోవడానికి ఈ మూడు విలువలూ (ఐదో అడుగులో 3793201458, 31వ అడుగులో 10324303, 32వ అడుగులో 3029026160) వాడుకోండి.

ఐదో అడుగు దాకా సరిగ్గా వస్తోంది, ఆరో అడుగులో చెడిపోతోంది. ఎందుకు?

పొంగిపోవడం వల్ల, అంటే విలువ దానికిచ్చిన బిట్లలో పట్టకపోవడం వల్ల. గుర్తుతో కూడిన 64 బిట్ల పూర్ణాంకంలో 3037000499 వరకే వర్గం పడుతుంది. 3793201458 దాన్ని దాటింది కాబట్టి ఆరో వర్గం తప్పుతుంది, ఒక్కోసారి రుణ సంఖ్యగా కూడా కనిపిస్తుంది. జావాస్క్రిప్ట్ మామూలు సంఖ్యలు 2⁵³ వరకే కచ్చితం. అక్కడ కూడా తప్పేది ఆరో అడుగులోనే, కాకపోతే చప్పుడు లేకుండా చివరి అంకెలు మారిపోతాయి. ఎంత పెద్ద పూర్ణాంకమైనా పట్టే బిగ్‌ఇంట్ వాడండి. పైథాన్‌లో ఈ బాధే లేదు.

గుర్తు లేని 64 బిట్లలో ఒకే ఒక శేషం ప్రమాదకరం: 4294967296. దాని వర్గం సరిగ్గా 2⁶⁴, అది సున్నా అయిపోతుంది. 3తో పెపాన్ పరీక్షలో మన సంఖ్యకు ఆ శేషం రాదు గానీ, 2తో వర్గాలు చేస్తూ పోతే ఐదో అడుగులోనే వస్తుంది.

ఇంకో పాత తప్పు: సంఖ్యను 32 బిట్లలో దాచడం. అందులో పట్టే గరిష్ఠ విలువ 4294967295. మన సంఖ్య అందులో 1గా మారుతుంది. ఆ 1తో దేన్ని భాగించినా శేషం సున్నాయే. శేషాలన్నీ సున్నాలుగా కనిపిస్తే ముందు చూడవలసింది ఇక్కడే.

దీన్ని రెండు వర్గాల మొత్తంగా రాయవచ్చా?

రెండు రకాలుగా రాయవచ్చు:

65536² + 1²
62264² + 20449²

మొదటిది చూడగానే తెలుస్తుంది. రెండోదాంట్లో 20449 మళ్లీ 143 వర్గం. ప్రధాన సంఖ్యకు ఇలాంటి రూపం ఒకటికి మించి ఉండదు కాబట్టి, రెండో రూపం దొరికిందంటే సంయుక్త సంఖ్య అని తేలిపోయినట్టే.

అంతేకాదు, రెండు రూపాల నుంచి కారణాంకం లాగవచ్చు. సరి సంఖ్యల తేడా 65536 − 62264 = 3272. బేసి సంఖ్యల తేడా 20449 − 1 = 20448. వీటి గ.సా.భా. 8. భాగిస్తే 409, 2556. వాటి వర్గాలు 167281, 6533136, మొత్తం 6700417! అదే పెద్ద కారణాంకం. చిన్నదాని రూపం 25² + 4² = 641. ఈ రెండు జతలను అడ్డంగా గుణిస్తే పై రూపాలు తిరిగి వస్తాయి: 25 × 2556 + 4 × 409 = 65536, 25 × 409 − 4 × 2556 = 1. గుర్తులు తారుమారు చేస్తే 62264, 20449.

కారణాంకాలకు ఏ పద్ధతి మంచిది?

వరుస భాగహారం. వేరే ఏదీ అక్కర్లేదు. కానీ రెండు పద్ధతులు ఇక్కడ ఎలా తడబడతాయో చూడటం మంచి అభ్యాసం.

ఫెర్మా పేరు మీదే ఉన్న వర్గాల తేడా పద్ధతి దీనికి అస్సలు నప్పదు. అది వర్గమూలం దగ్గరున్న కారణాంకాలను త్వరగా పడుతుంది. ఇక్కడ ఒకటి మూడంకెలది, ఇంకోటి ఏడంకెలది. 4294967297 = 3350529² − 3349888². 65537 నుంచి ఒక్కో సంఖ్యా చూసుకుంటూ 3350529 చేరాలంటే 3284993 అడుగులు.

పొలార్డ్ 1974లో ఇచ్చిన పద్ధతి ప్రధాన కారణాంకానికి ఒకటి తక్కువైన సంఖ్య చిన్న ముక్కలుగా విడిపోతే పనిచేస్తుంది. 640 = 2⁷ × 5, అంతకన్నా ఏం కావాలి! అయినా ఆధారం 2 పెడితే విఫలమవుతుంది. 2 చక్రం పొడవు 641 దగ్గరా 6700417 దగ్గరా ఒకేలా 64. కాబట్టి రెండు కారణాంకాలూ ఒకేసారి వలలో పడి, గ.సా.భా. మొత్తం 4294967297గా వస్తుంది. ఆధారం 3కి మార్చి, 3ను 640 ఘాతానికి ఎత్తి, ఒకటి తీసేసి గ.సా.భా. చూడండి. 641 వస్తుంది.

ఆర్‌ఎస్‌ఏ అభ్యాసానికి దీన్ని వాడవచ్చా?

వాడవచ్చు, బొమ్మ ఉదాహరణగా. (ఆర్‌ఎస్‌ఏ అంటే రెండు ప్రధాన సంఖ్యల లబ్ధంతో సందేశాలను గుప్తీకరించే పద్ధతి.) బహిరంగ ఘాతంగా 3 గానీ 5 గానీ కుదరవు, మొదట్లో చూసిన 640 × 6700416 = 4288266240ని రెండూ భాగిస్తాయి. 7 కుదురుతుంది. అప్పుడు రహస్య ఘాతం 612609463 (7తో గుణిస్తే 4288266241). సందేశంగా 2నో దాని ఘాతాన్నో తీసుకోకండి. 2ను ఈ తాళంతో వరసగా ఎనిమిదిసార్లు గుప్తీకరిస్తే మళ్లీ 2 బయటపడుతుంది. ఎందుకంటే 7⁸ను 64తో భాగిస్తే శేషం 1.

ఇన్ని భుజాలున్న క్రమ బహుభుజిని స్కేలు, వృత్తలేఖినితో గీయవచ్చా?

గీయలేం. భుజాల సంఖ్యలో బేసి ప్రధాన కారణాంకాలన్నీ వేర్వేరు ఫెర్మా ప్రధాన సంఖ్యలై ఉండాలి. గౌస్ 1796లో 17 భుజాలతో ఈ దారి తెరిచాడు, ఆ షరతు తప్పనిసరి అని వాంట్జెల్ 1837లో నిరూపించాడు. 641 ఫెర్మా సంఖ్య కాదు. కానీ రెండు తగ్గించి 4294967295 భుజాలు తీసుకుంటే, అది ఐదు ఫెర్మా ప్రధాన సంఖ్యల లబ్ధం కాబట్టి సూత్రరీత్యా గీయవచ్చు. బేసి సంఖ్యల్లో మనకు తెలిసినంతవరకు అదే అతి పెద్దది.

641కీ దశాంశాలకూ ఏదైనా సంబంధం ఉందా?

ఉంది. 1/641 దశాంశ విస్తరణ 32 అంకెలకు ఒకసారి తిరగబడుతుంది: 0015600624024960 9984399375975039. రెండు సగాలనూ అంకెకు అంకె కూడి చూడండి, అన్నీ 9లే. 641 అటు 2³² + 1నీ ఇటు 10¹⁶ + 1నీ భాగిస్తుంది, దాని ఫలితమే ఇది. ఇది కాకతాళీయం కాదు. 5 × 2⁷కు శేషం −1 అన్న పాత సమీకరణం నుంచే ఇదీ వస్తుంది.

దీని ఇరుగుపొరుగున ప్రధాన సంఖ్యలు ఏవి?

కిందివైపు 4294967291, పైవైపు 4294967311. ఆ మధ్యలో ఏవీ లేవు.

తర్వాతి ఫెర్మా సంఖ్య సంగతి?

మన సంఖ్యలోంచి ఒకటి తీసి, వర్గం చేసి, ఒకటి కలిపితే ఆరోది వస్తుంది: 18446744073709551617. లాండ్రీ 1880లో దాన్ని 274177 × 67280421310721గా విడదీశాడు. ఐదో సంఖ్య నుంచి పదకొండోదాని వరకు అన్నిటి కారణాంకాలూ పూర్తిగా తెలుసు. ముప్పై రెండోదాని దాకా అన్నీ సంయుక్తాలని తెలుసు, కొన్నిటికి కారణాంకం ఒక్కటీ దొరక్కపోయినా. ముప్పై మూడోది ఏమిటో ఇంకా తేలలేదు. దానికి 258 కోట్లకు పైగా దశాంశ అంకెలుంటాయి కాబట్టి, ఇక్కడ 31 వర్గాలతో ముగిసిన పెపాన్ పరీక్ష అక్కడ 858 కోట్లకు పైగా వర్గాలు అడుగుతుంది.